గుండీల డబ్బాలో మాత్రలు

మార్చి 3, సోమవారం, పొద్దున

తగ్గిపోయింది! మా అమ్మాయికి, మా పిడుగుకు, కడుపునొప్పి తగ్గిపోయింది! తగ్గించిన ఘనుడు ఎవరంటే నేనే!

ఈ సంతోషం ఎందరికి చెప్పినా తనివి తీరక, పాత కొలతల పుస్తకం తిరగేసి వెనక పేజీల్లో రాస్తున్నాను. ముందు పేజీల నిండా నలభై ఏళ్ళ నడుములూ, భుజాలూ, చేతి పొడవులూ ఉన్నాయి. టైలరింగు దుకాణం మూసి మూడేళ్ళయినా పుస్తకం పారేయలేదు. నేను ఏదీ పారేయను. నాలో మా ఆవిడకు నచ్చనివి చాలా ఉన్నాయి గానీ, వాటిలో మొదటిది అదే.

శనివారం సాయంత్రం పిల్లల్ని దింపేసి, స్కూలు బస్సు షెడ్డులో పెట్టి వచ్చి, అమ్మాయి మంచం మీద ముడుచుకు పడుకుంది. బొడ్డు చుట్టూ నొప్పి అంది. ఆదివారానికి ఆ నొప్పి కుడివైపు కిందికి జరిగింది. జరిగే నొప్పి గ్యాసు నొప్పేనని నేను తీర్పు చెప్పేశాను. ఎనిమిదో తరగతి తప్పిన జడ్జీని మరి!

వెంటనే నా గుండీల డబ్బా తీశాను. రేకు డబ్బా, లోపల పన్నెండు గళ్ళు. ఒకప్పుడు సైజుల వారీగా గుండీలుండేవి, ఇప్పుడు మాత్రలున్నాయి. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా, మిగిలిన మాత్రలన్నీ రంగుల వారీగా అందులో సర్దుతాను. కోటు కుట్టగా మిగిలిన ముక్కతో జేబు వేయలేదా? ఇదీ అలాంటిదే.

పోయినేడు నాకు మూత్రంలో మంట వచ్చినప్పుడు ఏడు రోజులకు రాసిచ్చిన పొడుగాటి తెల్లమాత్రలు ఒక గడిలో ఉన్నాయి. మూడో రోజుకే మంట తగ్గిందని నేను ఆపేశాను. ఎనిమిది మిగిలాయి. ఆ మంటకీ ఈ నొప్పికీ మధ్య జానెడు దూరం కూడా లేదు, ఇరుగుపొరుగు లెక్క! నిన్న రెండు, ఇవాళ ఒకటి ఇచ్చాను. తోడుగా నొప్పి మాత్ర కూడా వేయించాను.

అమ్మాయికి మాత్రం గ్యాసు మాత్రలని చెప్పాను. "నాన్నా, ఆ డబ్బా మూత తీశావంటే ఊరుకోను" అని ఎన్నిసార్లు అందో. నిజం చెబితే డబ్బాతో పాటు నన్నూ చెత్తబుట్టలో వేసేది. ఇది అబద్ధం కిందికి రాదు. తగ్గింది కదా!

అక్కకు ఫోన్ చేశాను. "ఒరే తమ్ముడూ, నీ చేతి చలవరా" అంది. పోయిన నెల తన పంటికి నేనిచ్చిన ఎర్ర గొట్టం మాత్రలు ఇంకా రెండు దాచుకుందట. బావమరిదికి చేశాను. "బావా, నువ్వు పొరపాటున టైలరయ్యావు. పేషెంట్లు బతికిపోయారు" అన్నాడు. అది పొగడ్తో కాదో తేల్చుకునేలోపు పెట్టేశాడు. వాడి బండి డిక్కీలో కూడా నేనిచ్చిన మాత్రల అట్ట ఒకటి ఉంది. మరదలికీ చేశాను. తన మనవడి దగ్గుకు నేనిచ్చినవి సగం సగం విరిచి వేస్తోందట. "భలే పనిచేస్తున్నాయి బావగారూ" అంది.

చెల్లెలికి చేయలేదు. ఆవిడ ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. పోయినేడు అందరి ముందూ నన్ను... అదంతా ఇప్పుడెందుకు. సంతోషంగా ఉన్నాను.

అదే రోజు, సాయంత్రం

అమ్మాయి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. మధ్యాహ్నం ఎండలో బట్టలు ఆరేసింది కదా, అందుకే.

మార్చి 4, మంగళవారం

నొప్పి పెద్దగా లేదంటోంది. ఏమీ తినలేదు. ఇంకో రెండు మాత్రలు ఇచ్చాను. రేపు డ్యూటీకి వెళ్తానంది. "చూశావా!" అన్నాను మా ఆవిడతో. ఆవిడ నా వైపు చూడలేదు. అమ్మాయి ముఖం వైపే చూస్తూ ఉంది.

మార్చి 5, బుధవారం

ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అమ్మాయి బట్టలు సర్దమని మా ఆవిడ చెబితే, ఈ పుస్తకం కూడా సర్దినట్టున్నాను. చెప్పులు మాత్రం మర్చిపోయాను.

పొద్దున పిల్లలందరూ స్కూలు గేటు దగ్గర దిగాక, బ్రేకు మీద నుంచి కుడికాలు ఎత్తబోతే పొట్టలో కత్తి దిగినట్టయిందట. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, తాళం తీసి, అప్పుడు వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. అదీ నా బిడ్డ! ఆ క్రమశిక్షణ ఎవరి దగ్గర నేర్చుకుందో గానీ నా దగ్గర మాత్రం కాదు.

అపెండిక్సు పగిలిందట. సర్జనమ్మ పొట్టి జుట్టు చిన్నావిడ. స్కాను చూస్తూనే అడిగింది.

"నొప్పి ఎప్పట్నించి?"

"శనివారం నుంచండీ" అంది మా ఆవిడ.

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"సోమవారానికి తగ్గిపోయిందండీ" అన్నాను. ఫోన్లో చెప్పినప్పటి గొంతు కాదది. ఎక్కడో అడుగునుంచి వచ్చింది.

"పగిలినప్పుడు ఒక్కోసారి తగ్గినట్టే ఉంటుంది. మధ్యలో నొప్పి మాత్రలు పడితే ఇంకా మోసపోతాం" అంది.

నేను బావమరిదితో గొప్పలు చెప్పుకుంటున్న గంటలోనే అది పగిలి ఉండాలి.

ఆపరేషనుకు ముందు ఒక కాగితం ఇచ్చారు. అమ్మాయి చెబుతుంటే నేను నింపాను. వయసు, బరువు, పడని మందులు. 'ఈ మధ్య వాడిన మందులు' అని ఒక గీత ఉంది. అమ్మాయి కళ్ళు మూసుకుని "గ్యాసు మాత్రలు నాన్నా, అంతే" అంది. నేను 'ఏమీ లేవు' అని రాశాను. నా చేతిరాత ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది. ఇది కూడా గుండ్రంగానే వచ్చింది.

మార్చి 6, గురువారం

ఆపరేషన్ నిన్న మధ్యాహ్నమే అయింది. అమ్మాయి మాట్లాడుతోంది. దేవుడున్నాడు. సర్జనమ్మ కూడా ఉంది.

కట్టు మార్చేటప్పుడు తలుపు సందులోంచి చూశాను. ఏడు కుట్లు, ఎడం సమానం, ఎక్కడా ముడత లేదు. ఉండబట్టలేక "ఏ దారం వాడారమ్మా?" అని సర్జనమ్మను అడిగాను. లోపలి కుట్లకు వాడింది తనంతట తనే కరిగిపోయే దారమట! నలభై ఏళ్ళు నేను కుట్టిన కుట్లూ కరిగిపోయేవి, కాకపోతే కస్టమరు ఇంటికి వెళ్ళగానే.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మన పేగుల్లో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయట. లోపల ఉన్నంతసేపూ మంచివే, అరగడానికి పనికొస్తాయి. గోడకు చిల్లు పడి బయటికొచ్చాయంటే ఊరంతా తగలబెడతాయి. అందులో గాలి ఉన్నా లేకున్నా బతికేవి కొన్ని, ఇ. కోలై అని వాటి పెద్ద. అసలు గాలి గిట్టనివి ఇంకొన్ని. ఒక్క మందు రెండు రకాలకూ సరిపోదు కాబట్టి రెండు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పైగుడ్డకో దారం, లోపలి అస్తరుకో దారం అన్నమాట. ఇదంతా నాకు చక్కగా అర్థమైంది. చీము కాస్త తీసి ల్యాబుకు పంపారట, అక్కడ క్రిముల్ని పెంచి ఏ మందుకు చస్తాయో చూస్తారట.

పోయేముందు అమ్మాయిని "గాలి పోయిందా?" అని అడిగింది. ఆపరేషన్ తర్వాత పేగులు కదులుతున్నాయో లేదో అలాగే తెలుస్తుందట. అమ్మాయి సిగ్గుపడి లేదంది.

మార్చి 7, శుక్రవారం, పొద్దున

జ్వరం 102. మాత్రల సంగతి చెబుదామని సర్జనమ్మ వెంటపడ్డాను. ఆవిడ లిఫ్టు ఎక్కింది. మెట్ల మీద పరిగెత్తితే అందేదే. నాకు మోకాళ్ళ నొప్పులు.

అదే రోజు, పదకొండు గంటలు

మోకాళ్ళు బానే ఉన్నాయి. చెప్పలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

ఇంకా చెప్పలేదు. చెప్పి మాత్రం లాభమేముంది, అయిపోయిందేదో అయిపోయింది. అయినా నేనిచ్చింది మందే కదా, విషం కాదు కదా. మా ఆవిడ "ఏంటండీ, గోడతో మాట్లాడుతున్నారు?" అంది.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను.

నాలుగింటికి సర్జనమ్మ మళ్ళీ వచ్చింది. జ్వరం దిగలేదు. మళ్ళీ స్కాను తీశారు. "లోపల కొంచెం తడి కనిపిస్తోంది గానీ, చీము పెద్దగా లేదు. అయినా జ్వరం ఎందుకు దిగట్లేదో తెలియట్లేదు. రేపటికీ ఇలాగే ఉంటే మళ్ళీ తెరిచి చూడాల్సి రావచ్చు" అంది. తర్వాత అమ్మాయి వైపు వంగి, "బాగా గుర్తు చేసుకో. ఇక్కడికి రాకముందు యాంటీబయాటిక్ ఏదైనా వేసుకున్నావా?" అని అడిగింది.

"లేదు డాక్టర్" అంది అమ్మాయి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నాన్న గ్యాసు మాత్రలిచ్చాడు, అంతే. నాన్నను అడగండి, ఆయనకన్నీ గుర్తుంటాయి."

ఆయనకన్నీ గుర్తుంటాయట.

సర్జనమ్మ బయటికొచ్చాక నర్సుల బల్ల దగ్గర నిలబెట్టాను. చొక్కా జేబులోంచి అట్ట తీసి ఇచ్చాను. ఐదు గుంటలు ఖాళీ, మూడు మాత్రలు మిగిలాయి. ఆ అట్ట బుధవారం నుంచీ నా జేబులోనే ఉంది. పారేయొచ్చు కదా? నేను ఏదీ పారేయను.

"గ్యాసు మాత్రలు కావమ్మా. పోయినేడు నావి, మిగిలిపోయాయి. కాగితంలో ఏమీ లేవని రాసింది కూడా నేనే."

ఆవిడ అట్ట వెనక్కి తిప్పి పేరు చదివి తిరిగిచ్చింది. తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

"ఇది బుధవారమే చెప్పాల్సింది పెద్దాయనా" అంది. "ఈ మందు పడ్డ పేగుల్లో మెత్తటి క్రిములు పోయి మొండివి మిగిలి ఉండొచ్చు. మేం మొదలుపెట్టింది మామూలు వాటికి పనిచేసే మందు. ల్యాబు రిపోర్టు రేపు గానీ రాదు. అప్పటిదాకా ఆగను, ఇప్పుడే మందు మారుస్తాను. దానికి ఒకట్రెండు రోజులు చూద్దాం. కత్తి తర్వాత."

"అమ్మాయికి..." అన్నాను.

"అది మీరే చెప్పాలి."

వెనక మా ఆవిడ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను తిట్టకపోవడం ఇదే మొదటిసారి.

మార్చి 8, శనివారం

జ్వరం 101. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

ల్యాబావిడ ఆ అట్ట తెమ్మని కబురు పెట్టింది. పేరు, మోతాదు సరిగ్గా రాసుకోవాలట. కింది అంతస్తులో ఒక కిటికీ, దాని వెనక ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో ఆవిడ ఉంది. అట్ట చూసి "ఓహో, ఇది మీ పనేనా!" అంది. నా కీర్తి అప్పటికే కింది అంతస్తు దాకా పాకిందన్నమాట.

"మీ అమ్మాయి క్రిములు చూస్తారా?" అంది. అద్దం అవతల నుంచే ఒక గుండ్రటి గాజుపళ్ళెం చూపించింది. పళ్ళెమంతా పల్చగా బూజు పరిచినట్టుంది. అదంతా ఇ. కోలై పంటట. దాని మీద చొక్కా గుండీలంత తెల్లటి కాగితపు బిళ్ళలు ఆరు పెట్టారు. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. కొన్ని బిళ్ళల చుట్టూ బూజు లేకుండా శుభ్రంగా గుండ్రటి ఖాళీ ఉంది.

"ఖాళీ ఉందంటే ఆ మందుకు క్రిములు చచ్చాయి. మీ మాత్ర ఇదిగో, ఈ బిళ్ళ."

నా బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. బూజు దాని అంచు దాకా వచ్చి, ఆనుకుని హాయిగా కూర్చుంది. చుట్టానికి దిండు వేసినట్టుంది.

ఆవిడ స్కేలు తీసుకుని ఒక్కో ఖాళీనీ కొలిచి కాగితం మీద వేసుకుంది. నా చెయ్యి ఊరుకోలేదు. పుస్తకం తీసి నేనూ రాసుకున్నాను:

తెల్లమాత్ర: ఏమీ లేదు.
మొదట ఇచ్చిన ఇంజెక్షను: పది మిల్లీమీటర్లు, చాలదు.
నిన్న మార్చిన ఇంజెక్షను: ఇరవై ఏడు, సరిపోతుంది.

"పెద్ద ఖాళీ ఉన్నదే మంచి మందని కాదండోయ్. ఒక్కో మందుకీ ఒక్కో హద్దుంటుంది" అంది.

"తెలుసమ్మా. మెడకు పదహారు ఎక్కువ, నడుముకు పదహారు తక్కువ."

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "మీరేం చేసేవాళ్ళు?"

"టైలర్ని."

"ఎప్పుడైనా కొలత తీసుకోకుండా గుడ్డ కోశారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా కోయలేదు. రుమాలుకు కూడా కొలత పెట్టాను. కన్నకూతురి కడుపుకు మాత్రం కంటిచూపుతో కానిచ్చాను.

"నా మాత్రల వల్లే ఇవి మొండివయ్యాయా అమ్మా?"

"అది ఒట్టేసి చెప్పలేను. ముందే ఉండి ఉండొచ్చు. కాకపోతే మిగతావాటిని సాగనంపి, వీటికి ఇల్లు ఖాళీ చేసిపెట్టింది మీరే. గాలి గిట్టని వాటిని వేరే డబ్బాలో, గాలి లేకుండా పెట్టాను. అవి మొలవడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. వాటికి ఇస్తున్న రెండో ఇంజెక్షను మామూలుగా సరిపోతుంది లెండి."

"ఇంత మంచి మందు ఉన్నప్పుడు మొదటే అందరికీ ఇచ్చేయొచ్చుగా?"

"ఇచ్చేస్తే అవి దీనికీ అలవాటు పడతాయి. రేపు ఇంకో బిడ్డకు అవసరమైతే ఏం ఇమ్మంటారు?"

 మరదలు మనవడికి మాత్ర సగం విరుస్తున్న చప్పుడు చెవిలో వినిపించింది.

మార్చి 9, ఆదివారం

జ్వరం 99. గాలి పోలేదు.

అమ్మాయికి చెప్పాను. చాలా పెద్దగా మొదలుపెట్టాను, కోటు జేబుల దగ్గర నుంచి. మధ్యలో ఆపి "నాన్నా, విషయం చెప్పు" అంది. చెప్పాను. కాగితంలో రాసింది కూడా చెప్పాను.

గోడవైపు తిరిగి పడుకుంది. తిరిగేటప్పుడు కుట్లు లాగి మూలిగింది. నేను పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

రోజంతా మాట్లాడలేదు. నా బిడ్డ మాట్లాడలేదు.

మార్చి 10, సోమవారం

98.4! రెండుసార్లు పెట్టి చూశారు, 98.4! మళ్ళీ కోయక్కర్లేదు! సర్జనమ్మ తన నోటితో అంది, "ఇక కత్తి అవసరం లేదు" అని. ఆవిడ చల్లగా నూరేళ్ళు బతకాలి, ల్యాబావిడ కళ్ళద్దాలు ఎప్పుడూ జారకూడదు!

ఇంకా ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకు గాలి పోయింది! మా ఆవిడ చెప్పగానే నేను వరండాలోకి పరిగెత్తి "పోయిందండీ! మా అమ్మాయికి పోయింది!" అని అరిచాను. పక్కగది వాళ్ళు పాపం అనుకుని లేచి నిలబడ్డారు. వాళ్ళకు విషయం వివరించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. వారం రోజులుగా గ్యాసు గ్యాసు అని మొత్తుకున్నాను. ఇన్నాళ్ళకు నా వైద్యంలో ఒక్క మాట నిజమైంది!

లోపలికి వెళ్ళేసరికి అమ్మాయి పొట్ట పట్టుకుని ఉంది. నా అరుపు విన్నదట. "నాన్నా, నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి" అంది. నిన్నటి నుంచి మొదటి మాట! నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. వాచీ చూసుకుంటున్నట్టు నటించాను. నా చేతికి వాచీ లేదు.

"కూర్చో" అంది. కూర్చున్నాను.

"నేను బస్సు తోలేటప్పుడు బ్రేకు నీకు తోచినట్టు బిగించి, బాగుంది వెళ్ళమని చెబుతావా?"

"చెప్పనమ్మా."

"వెనక ముప్పై మంది పిల్లలుంటారు నాన్నా. వాళ్ళమ్మలందరూ నన్ను నమ్మి ఎక్కిస్తారు. నేను నిన్ను నమ్మి మింగాను."

 దుప్పటి అంచు దారం పోగొకటి లేచి ఉంటే సరిచేస్తూ కూర్చున్నాను. నా చేతి మీద తన చెయ్యి పెట్టి ఆపింది.

"ఆ డబ్బాలోంచి ఇప్పటిదాకా ఎంతమందికిచ్చావు?"

"ఎంతో మందికి కాదు..."

"నాన్నా."

"రాస్తాను" అన్నాను.

"రాసి, అందరికీ నువ్వే ఫోన్ చెయ్యి. నాకు తగ్గిందని చెప్పు, ఎందుకు ముదిరిందో కూడా చెప్పు. అమ్మ చేయకూడదు, నేనూ చేయను. చివరిదాకా నువ్వే."

డబ్బా సాయంత్రం ఇక్కడి మందుల కౌంటరులో అప్పగించాలి. మా ఆవిడ సంచిలో పెట్టి తెచ్చేసింది. గళ్ళ డబ్బా మాత్రం ఖాళీ చేసి ఇస్తారట, గుండీలు పెట్టుకోవచ్చట.

చెప్పాల్సిన వాళ్ళు:

అక్క: ఎర్ర గొట్టాలు రెండున్నాయి. పంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాలి. ముందు ఏడుస్తుంది, తర్వాత తిడుతుంది. తిట్టేదాకా ఫోన్ పెట్టకూడదు.

కాదు, అక్క తర్వాత. ముందు మరదలు. మనవడికి ఇవాళే ఆపాలి. "భలే పనిచేస్తున్నాయి బావగారూ" అంటే పొంగిపోకూడదు. పిల్లాడిని డాక్టరుకు చూపించి, సగం ముక్కల సంగతి దాచకుండా చెప్పమనాలి.

బావమరిది: బండి డిక్కీలో అట్ట. జీవితాంతం నవ్వుతాడు. నవ్వనీ.

పెదనాన్న కొడుకు: వీడికి మాత్రలివ్వలేదు. డాక్టర్లకేమీ తెలియదని మాత్రం ఒక గంట ఉపన్యాసం ఇచ్చాను. అది కూడా వెనక్కి తీసుకోవాలి.

వియ్యాలవారి వైపు పెద్దావిడ: కోడలు పిల్ల చేత రెండు పంపాను. ఏం రంగో గుర్తులేదు. నాకన్నీ గుర్తుంటాయంది బిడ్డ.

చెల్లెలు: ఈవిడకు నేనేమీ ఇవ్వలేదు, ఇస్తే నా చెయ్యి విరిచేది. పోయినేడు అందరి ముందూ "అన్నయ్యా, మంట తగ్గిందని మధ్యలో ఆపకు, ఏడు రోజులూ వేసుకో" అంది. అంతే అంది. నాకు పౌరుషం వచ్చి, ఆ రోజే ఆపేసి, ఎనిమిది మాత్రలూ డబ్బాలో దాచి, ఆవిడతో ఏడాది మాట్లాడలేదు.

జాబితాలో చివర రాశాను గానీ, ఫోన్ మాత్రం మరదలి తర్వాత వెంటనే ఈవిడకే. నంబరు మర్చిపోయాననుకున్నాను, వేళ్ళకు గుర్తుంది. ఎత్తగానే "కోర్సు పూర్తి చేశావా అన్నయ్యా?" అంటుంది.

అననీ. లేదమ్మా అని చెప్పాలి.